కూర్చోని మేకులు

ఆ వేసవిలో మా అన్నయ్య చొక్కా గుండీలు మా వదిన పెట్టేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళ ముచ్చట అనుకునేరు, వాళ్ళ పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అన్నయ్య కుడిచెయ్యి రొమ్ము దాకా లేచేది కాదు. బలవంతాన లేపినా వేళ్ళు గుండీని పట్టుకునేవి కావు.

"నా చేతికేం, నిక్షేపంలా ఉంది. మీ వదినకే నన్ను వదిలి ఉండబుద్ధి కాదు," అనేవాడు నాకేసి చూసి.

"ఆ, కాదు మరి. మెడ ఎత్తు. పైగుండీ పెట్టాలి," అనేది వదిన.

"పైది వదిలెయ్యవే. ఈ ఎండల్లో ఊపిరాడి చావదు."

"వదిలేస్తే మెడ దాకా పట్టీలు కనబడతాయి. కనబడితే నీకు సరేనా చెప్పు, వదిలేస్తాను."

అన్నయ్య మెడ ఎత్తేవాడు. వదిన గుండీ పెట్టేది. నొప్పి పట్టీల వాసన పోవడానికి చొక్కా మీద ఇంత పౌడరు చల్లేది. అన్నయ్య మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని తాగి, పనిసంచీ ఎడమ భుజానికి తగిలించుకుని నాకంటే ముందు గుమ్మం దిగేవాడు. వీధిలోకి వచ్చేసరికి కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉండేది. చూసినవాళ్ళకి షోగ్గా నడుస్తున్నట్టుండేది. బరువు మొయ్యలేక చేతిని జేబులో పడేసుకున్నాడని నాకు తెలుసు.

మేం పియానోలు శ్రుతి చేసేవాళ్ళం. అద్దె పియానోల షెడ్డు ఒకటుండేది, స్కూళ్ళకీ హాళ్ళకీ పియానోలు అద్దెకిచ్చే చోటు. అందులో ఆరుగురం. అన్నయ్య ఇరవై రెండేళ్ళ నుంచి, నేను తొమ్మిదేళ్ళ నుంచి. నాకు పని నేర్పింది ఆయనే. నేను తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, "మళ్ళీ విను" అనేవాడు. ఆ రెండు మాటలే నాకు బడి.

పియానో అంటే జనానికి తెల్ల మెట్లు, నల్ల మెట్లు తెలుసు. మూత తీస్తే లోపల ఏముంటుందో మాకు తెలుసు. రెండువందల ఇరవై పైచిలుకు తీగలు, ఒక్కో తీగకి ఒక్కో ఇనప మేకు. ఆ మేకులు దిగేసి ఉన్నది కర్రలో. వేసవి వచ్చిందంటే కర్ర ఎండుతుంది, పట్టు సడలుతుంది, తీగ కిందికి జారుతుంది. సరిగ్గా ఆ వేసవిలోనే స్కూళ్ళలో సంగీతం పరీక్షలు. పది వారాల్లో అందరికీ శ్రుతి కావాలి, అందరికీ ఈవేళే కావాలి. నిలువు పియానో ముందు నిలబడి, కుడిచెయ్యి భుజమంత ఎత్తున చాపి, పొడుగాటి లివరుతో మేకు తిప్పాలి. ఎడమచేత్తో మెట్టుని గుద్దుతూ ఉండాలి. ఒక్కో మేకునీ రెండుసార్లు. అలా మనిషికి రోజుకి ఆరు పియానోలు.

మేకు తిప్పి తీగని సరైన చోటుకి తెస్తే అయిపోయిందనుకుంటారు తెలియనివాళ్ళు. అయిపోదు. ఆ చోటు దాటించి వెంట్రుకవాసి పైకి లాగాలి. లాగి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా వెనక్కి దించాలి. అప్పుడు కర్రలో మేకు మెలిక విడిపోయి స్థిరపడుతుంది. దాన్ని మా షెడ్డులో కూర్చోబెట్టడం అంటాం. కూర్చున్న మేకు నెలల తరబడి కదలదు. కూర్చోని మేకు ఆ పూటకి బ్రహ్మాండంగా పలుకుతుంది. తరవాత ఎవడైనా నాలుగుసార్లు గట్టిగా వాయించాడా, జారిపోతుంది. భుజం ప్రాణం తీసేది కూడా సరిగ్గా ఆ కూర్చోబెట్టే క్షణమే. లాగడానికి బలం చాలు. దించేటప్పుడు మాత్రం బరువంతా గాల్లో ఆపి ఉంచాలి.

ఇన్ని మేకుల్ని కూర్చోబెట్టే మేం కూర్చోకూడదు. స్టూలు వేసుకుంటే స్కూలువాళ్ళు సోమరిపోతులనుకుంటారని మా యజమాని నియమం. ఎవరినైనా పనిలోంచి తీసేస్తే మాత్రం "ఫలానావాణ్ణి కూర్చోబెట్టారు" అనేవాళ్ళం. మా షెడ్డులో మనిషి కూర్చునేది అప్పుడొక్కసారే.

నా మోచెయ్యి కూడా ఆ ఏడే మొదలెట్టింది. సీసా మూత తిప్పబోతే మోచేతి బయటి ఎముక మీద ఎవరో మేకు దింపినట్టయింది. నేను అన్నయ్యలాగా పట్టీల కింద దాచుకునే రకాన్ని కాదు. ధర్మాసుపత్రిలో కండరాలకి వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఉంటే వెళ్ళి వరసలో నిలబడ్డాను.

"ఏం పని చేస్తావమ్మా?" అంది.

"పియానోలు శ్రుతి చేస్తానండి."

"అబ్బ, ఎంత చక్కటి పని! రోజంతా సంగీతం."

"సంగీతం కాదండి. ఒకే మెట్టు మీద పదిసార్లు గుద్దుడు, తరవాత పక్క మెట్టు. మా వీధిలో బట్టలుతికే చప్పుడు ఇంతకంటే బాగుంటుంది."

ఆవిడ నవ్వి, ఎలా చేస్తావో చూపించమంది. మూల నిలబెట్టిన గొడుగు తీసుకుని, బీరువా పై అంచుకి దాని వంపు తగిలించి, చెయ్యి చాపి తిప్పి చూపించాను. ఎడమచేత్తో బల్ల మీద గుద్దాను. బల్ల మీది మందు సీసాలు గలగలమన్నాయి.

"చాలు చాలు. రోజుకి ఎన్నిసార్లు ఇలాగ?"

లెక్క చెప్పాను. "రెండున్నర వేలు దాటుతుందండి."

ఆవిడ కలం కింద పెట్టేసింది. అప్పుడు చెప్పింది. చెయ్యి భుజం ఎత్తు దాటకూడదట. కూర్చుని చెయ్యాలట. మోచెయ్యి పియానో మీద ఆనించాలట. లివరు పిడికిలి బిగించి పట్టుకోకుండా, తలుపు గడియ పట్టుకున్నట్టు వదులుగా పట్టుకోవాలట. అరగంటకోసారి ఐదు నిమిషాలు చేతులు వేలాడేసి ఊరికే ఉండాలట. నొప్పి కొత్తదైతే చల్లటి కాపడం, పాతదైతే వేడి.

"ఇవన్నీ చేసినా ముఖ్యం ఒకటే," అంది. "తగ్గించాలి. రోజుకి నాలుగు మించకూడదు. తగ్గించకుండా ఎన్ని చేసినా కండ మానదు."

"మానకపోతే?"

"చిరుగుతుంది. చిరిగాక నేను చేసేదేం లేదు. కొయ్యాల్సిందే."

ఇంటికొచ్చి పాత క్యాలెండరు వెనక తాటికాయలంత అక్షరాలతో అన్నీ రాశాను. కింద చెయ్యి బొమ్మ గీశాను. బొమ్మ వంకాయలా వచ్చింది, రానీ. మర్నాడు తీసుకెళ్ళి షెడ్డు గోడకి అంటించాను. మాలో ఒకాయన్ని గొణుగుడు అనేవాళ్ళం, నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. ఇంకొకాయన్ని చెవిటాయన అనేవాళ్ళం, ఎందుకంటే అందరికంటే చెవి చురుకు.

"గోడకి అంటిస్తే నొప్పి గోడకి పోతుందా అమ్మాయ్?" అన్నాడు గొణుగుడు.

"నీ నడుముకి అంటిస్తాను, రా. నిన్న కారు దిగలేక డోరు పట్టుకుని వేలాడావు కదా."

"అది నడుం కాదు. పట్టేసింది, అంతే."

పట్టేసింది. ఒత్తుకుంది. నిద్రలో మెడ తిరిగింది. చలవ చేసింది. వయసు. ఇవీ నొప్పికి మేం పెట్టుకున్న మారుపేర్లు. ఆరుగురిలో ఒక్కడు కూడా 'పని వల్ల' అనేవాడు కాదు. అంటే చేతకానివాడవుతాడు మరి. యజమాని ఒక్క మాట అనకుండానే వాడి మాట మేమే అనేసుకునేవాళ్ళం. నాకు ఒళ్ళు మండేది.

అన్నయ్య మాత్రం ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"అక్షరదోషాలు రెండున్నాయి," అని లివరు తీసుకుని వెళ్ళిపోయాడు.

నెల గడిచింది. ఒక స్కూలు నుంచి ఫిర్యాదు వస్తే యజమాని నన్ను పంపాడు. సంగీతం టీచరమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"పది రోజులు కాలేదమ్మా మీవాళ్ళు వచ్చి వెళ్ళి. పిల్లలు రెండు రోజులు వాయించారో లేదో, తాగినవాడు పాడినట్టుంది. ఎల్లుండి పరీక్ష."

మూత తీశాను. మేం ప్రతివాళ్ళం మూత లోపలి వైపు పెన్సిలుతో తేదీ వేసి, మా గుర్తు పెడతాం. నాది ఒక అడ్డగీత. అక్కడ ఉన్నది చిన్న సున్నా, మధ్యలో చుక్క. అన్నయ్యది.

ఇంకా జారకుండా ఉన్న తీగ ఒకటి చూసుకుని మెట్టుని మూడుసార్లు గట్టిగా కొట్టాను. మూడో దెబ్బకి జారింది. పక్కది కొట్టాను. జారింది. ఎక్కడ పట్టుకుంటే అక్కడ జారింది. ఆ పియానో మొత్తంలో ఒక్క మేకు కూర్చోలేదు. మా అన్నయ్య ప్రతి తీగనీ సరైన చోటుకి తెచ్చి, అంతవరకే భుజం భరించి, అక్కడ వదిలేశాడు. నాకు "మళ్ళీ విను" అని చెప్పిన మనిషి.

మధ్యాహ్నం దాకా నిలబడి మొత్తం మళ్ళీ చేశాను. గుర్తు మార్చలేదు, ఆ సున్నా కిందే ఆవేళ్టి తేదీ వేశాను. యజమాని అడిగితే, "కిటికీ పక్కన పెట్టారండీ, ఎండ తగిలింది," అన్నాను. తరవాతి వారం ఇంకో స్కూలు. ఆ తరవాత ఇంకోటి. నా ఆరూ చేసుకుని, ఆయనవి మళ్ళీ చేసి ఇంటికొచ్చేసరికి నా చెయ్యి కూడా జేబు వెతుక్కునేది.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య వంటింట్లో నేల మీద గోడకానుకుని కూర్చున్నాడు. వదిన వేడినీళ్ళ సంచీ భుజానికి ఆనించి పట్టుకుంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని మూడు స్కూళ్ళ పేర్లు చెప్పాను. ఇంకేం చెప్పనక్కర్లేదు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు."

"అన్నయ్యా, ఆ డాక్టరమ్మ దగ్గరికి ఒక్కసారి రా. నాలుగు మించొద్దని రాయించుకుందాం. అందరం కలిసి అడుగుదాం, నువ్వు ముందు నిలబడు. నీ మాటయితే..."

"నా చెయ్యి చూపించి అడుగుతావా?"

"చూపిస్తే తప్పేంటి?"

"ఒసే, ఆ యజమాని నీ మాట విని నాలుగు చేస్తాడనుకుంటున్నావా? నన్ను చూసి నన్ను కూర్చోబెడతాడు. ఈ చెయ్యి పనికిరాదని తెలిశాక నాకింకేం మిగులుతుంది? ఈ చెవులు తీసుకెళ్ళి ఏ కొట్లో పెట్టను?"

"నేనేదో పనికి వెళ్తాలే," అంది వదిన నెమ్మదిగా. "బట్టల కొట్లో మనిషి కావాలట."

"తిండి సంగతి కాదే నేను చెప్పేది!" అన్నయ్య గట్టిగా అన్నాడు. అనగానే భుజం కదిలింది, నొప్పికి పళ్ళు బిగబట్టాడు. "ఈ పరీక్షలు అవనీ. తరవాత నేనే ఏదో ఒకటి చూసుకుంటాను. నువ్వు మాత్రం నోరు విప్పనని మాటివ్వు," అన్నాడు.

"నా నోటితో చెప్పను," అన్నాను.

అది మాటే. ఇచ్చాను.

రెండు వారాల తరవాత యజమాని పరీక్షలు ముందుకు జరిగాయని చెప్పి రోజుకి ఏడు చేశాడు. ఆ రోజు పొద్దున్న షెడ్డులో నా లివరు నేల మీద పెట్టాను. గొణుగుడు నన్నూ లివరునీ చూసి, ఈసారి ఏమీ గొణగకుండా తనదీ పెట్టాడు. చెవిటాయన పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. చివరికి అన్నయ్య. ఆరు లివర్లు వరసగా సిమెంటు నేల మీద పడున్నాయి. నాకు గుండె ఎంత పొంగిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

యజమాని వచ్చాడు. అరిచే రకం కాదు. అరిస్తే బాగుండేది, మేం కూడా అరిచేవాళ్ళం.

"ఏమ్మా, ఏం కావాలి?" అన్నాడు.

"రోజుకి నాలుగు. కూర్చోడానికి స్టూళ్ళు. అరగంటకి ఐదు నిమిషాలు. నొప్పితో ఉన్నవాళ్ళకి తగ్గేదాకా విశ్రాంతి, పని పోకుండా."

"నొప్పి ఎవరికుంది?"

"అందరికీ."

"అందరి సంగతీ నువ్వు చెప్పకమ్మా. వాళ్ళకి నోళ్ళున్నాయి కదా." ఒక్కొక్కరి ముందుకీ వచ్చి నిలబడ్డాడు. "నీకుందా?" గొణుగుడు గోడకేసి చూశాడు. "నీకు?" చెవిటాయనకి నిజంగానే వినబడనట్టుంది. ఇద్దరు కాళ్ళకేసి చూసుకున్నారు. నేను మోచెయ్యి చూపించబోతే, "నీకుందని ఒప్పుకున్నానమ్మా, ఆడపిల్లవి," అన్నాడు. ఆ మాటకి అక్కడే చెంప పగలగొట్టాల్సింది. కొట్టలేదు. ఈలోగా ఆయన అన్నయ్య ముందు ఆగాడు.

"ఇరవై రెండేళ్ళు చేశావు. నొప్పంటూ ఉంటే ముందు నీకుండాలి. నీకుందని నువ్వొక్కడివి చెప్పు, నాలుగే చేద్దాం. స్టూళ్ళు రేపే తెప్పిస్తాను. చెప్పు, ఉందా?"

అందరం అన్నయ్యకేసి చూశాం. మెడ దాకా గుండీ పెట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చెమట.

"లేదండి," అన్నాడు.

"చూపించు మరి."

అన్నయ్య వంగి లివరు తీసుకున్నాడు. పక్కనే ఉన్న పియానో మూత అప్పటికే తీసుంది. నడిమి మెట్టు ఒకటి ఎంచుకున్నాడు. మెట్టుకి మూడు తీగలుంటాయి, మూడూ ఒక్కటిగా పలకాలి. కుడిచెయ్యి ఎత్తాడు. ఎలా ఎత్తాడో ఆ పైవాడికే తెలియాలి. లివరు మేకుకి తగిలించి లాగాడు. తీగ కింద నుంచి పాక్కుంటూ వచ్చి సరైన చోట ఆగింది. రెండోదీ అలాగే. మూడోదీ అలాగే. మూడూ కలిసి ఒక్క గొంతుతో మోగాయి.

యజమాని చెవికి అది శుద్ధంగా ఉంది. ఉండదా మరి.

మా ఐదుగురికీ వేరే సంగతి వినబడింది. కూర్చోబెట్టేటప్పుడు తీగ సరైన చోటు దాటి వెళ్తుంది, వెనక్కి వచ్చి ఆగుతుంది. ఆ వెళ్ళి రావడం మాకు మా ఇంట్లోవాళ్ళ నడకంత పరిచయం. అది రాలేదు. మూడుసార్లూ రాలేదు. చెవిటాయన ముఖం తిప్పుకున్నాడు. గొణుగుడు చేత్తో నోరు మూసుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం అన్నయ్య మీద ప్రేమతోనే. నేను కాదనను.

"ఇంకేముంది?" అన్నాడు యజమాని. "మీ పెద్దన్నే చూపించాడు. లివర్లు తీసుకోండి."

గొణుగుడు వంగాడు. లివరు మీద చెయ్యి వేశాడు. అది పైకి లేచిందంటే మళ్ళీ నేలకి దిగదని నాకు తెలుసు. ఇప్పుడు ఏడు పియానోలు, వచ్చే ఏడాది ఎనిమిది. అన్నయ్య చెయ్యి ఎలాగూ పోతుంది. తరవాత గొణుగుడిది, తరవాత నాది.

నడిచి పియానో దగ్గరికెళ్ళాను. ఒక్క మాట మాట్లాడలేదు. పిడికిలి బిగించి చూపుడువేలు కణుపుతో ఆ మెట్టుని కొట్టాను. మళ్ళీ కొట్టాను. మూడోసారి కొట్టేసరికి ఒక తీగ జారింది. ఆ ఒక్క గొంతు రెండు గొంతులై వూ-వూ-వూ అని ఊగింది. అది యజమానికి కూడా వినబడింది.

"ఇదేంటి?" అన్నాడు.

చెవిటాయన, "మేకు కూర్చోలేదండి," అన్నాడు.

"అంటే?"

చెవిటాయన చెప్పాడు. యజమాని తెలివైనవాడు, సగంలోనే ఆపేశాడు. "అంటే ఆ స్కూళ్ళు... కిటికీ పక్కన ఎండ అన్నావు కదమ్మా?" అన్నాడు నాతో.

అన్నయ్య లివరుని మేకు నుంచి తీశాడు. దాని గుడ్డలో చుట్టాడు. షెడ్డు వస్తువది, యజమాని చేతికిచ్చాడు. నా పక్కగా వెళ్తూ ఆగాడు.

"గట్టిగా కొట్టావు," అన్నాడు. "అలాగే కొట్టాలి."

ఎండలో బయటికి వెళ్ళిపోయాడు.

యజమాని ఆ సాయంత్రానికి దిగొచ్చాడు. రోజుకి ఐదు అన్నాడు. స్టూళ్ళు తెప్పిస్తానన్నాడు. అరగంటకి విరామం ఒప్పుకున్నాడు. అన్నయ్యని మాత్రం కూర్చోబెడుతున్నానన్నాడు, స్కూళ్ళ ముందు తన పేరు పోయిందట. నేను అరిచాను. ఆయన్ని తీస్తే ఐదూ వద్దు, స్టూళ్ళూ వద్దు, ఒక్కరం లివరు ముట్టుకోం అన్నాను. వెనక్కి తిరిగి చూశాను. నలుగురూ స్టూళ్ళ గురించే ఆలోచిస్తున్నారని ముఖాలు చెప్పాయి.

"దొరికింది తీసుకుందాం అమ్మాయ్," అన్నాడు గొణుగుడు. "పెద్దన్న సంగతి తరవాత నెమ్మదిగా మాట్లాడదాం."

తరవాత అనేది రాలేదు. స్టూళ్ళు వచ్చాయి. వాళ్ళని తిట్టే హక్కు నాకు లేదు, తిడుతూనే ఉన్నాను. ఆయన నొప్పిని రుజువుగా వాడుకుని మా నొప్పి తగ్గించుకున్నాం. ఆ పని నాతోనే మొదలైంది.

ఇంట్లో అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. కోపంగా ఉన్నట్టు కూడా కనబడేవాడు కాదు. నేను గదిలోకి వస్తే జరిగి చోటిచ్చేవాడు. ఏదైనా కావాలంటే వదినతో, "అమ్మాయిని ఆ ఫ్యాను వెయ్యమను," అనేవాడు. ఫ్యాను నా తల మీదే ఉండేది. వదిన బట్టల కొట్లో చేరింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా పై అరల్లోంచి బట్టల తానులు దింపడం, మళ్ళీ పైకి సర్దడం. నెల తిరక్కుండా తనూ భుజం పట్టుకుని కూర్చోసాగింది. "ఒత్తుకుంది," అంది.

"ఆ మాట అనకు వదినా," అన్నాను.

"మరేమనమంటావు? నీ గోడ కాగితం చదవమంటావా?" అంది. ఆవిడ నన్ను అన్న మాట అదొక్కటే.

యజమాని నాకొక పని అప్పజెప్పాడు. ఆ వేసవిలో అన్నయ్య గుర్తు ఉన్న పియానోలన్నీ ఒక్కొక్కటే చూసి, జారినవి మళ్ళీ చేసి, ఆ సున్నా చెరిపి నా గీత పెట్టాలి. నేను కాకపోతే గొణుగుడికి ఇస్తానన్నాడు. నేనే వెళ్ళాను. స్కూలు తరవాత స్కూలు. మూడు దెబ్బలు, జారడం. మూడు దెబ్బలు, జారడం. రబ్బరుతో చెరపడం.

ఇక తొమ్మిది మిగిలాయనగా ఒక చిన్న స్కూల్లో మూడు దెబ్బలు కొట్టాను. జారలేదు. పక్క మెట్టు కొట్టాను. జారలేదు. వేలు నొప్పెట్టేదాకా కొట్టాను. నడిమి మెట్లన్నీ రాయిలా ఉన్నాయి. తేదీ చూశాను, మేం పని ఆపడానికి రెండు రోజుల ముందుది. తరవాతి స్కూలూ అంతే. ఆ తరవాతదీ అంతే. నడిమిలో ఏ మేకు చూసినా కూర్చునుంది.

ఆ ఆదివారం వదిన బట్టలు మడత పెడుతుంటే అడిగాను.

"ఎడంచేత్తో నేర్చుకున్నాడు," అంది. "నువ్వు ఆ స్కూళ్ళ సంగతి చెప్పిన మర్నాటి నుంచి. తెల్లారకుండా వెళ్ళి షెడ్డు తాళం తీసి చేసుకునేవాడు, మీరెవరూ రాకముందే. ఇరవై రెండేళ్ళ పని మళ్ళీ మొదటి నుంచి. ఒకరోజు వచ్చి, 'ఇవాళ ఒకటి మొత్తం కూర్చుందే,' అన్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. నీకు చెబ్దామంటే వద్దన్నాడు. బాగా కుదిరాక చెబ్దాం, లేకపోతే నవ్వుతుంది అన్నాడు."

"మరి ఆ రోజు కుడిచెయ్యి ఎందుకు ఎత్తాడు వదినా? ఎడంచేత్తో చేసుంటే..."

వదిన చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది. "యజమాని ముందు ఎడంచెయ్యి తీస్తే కుడిది పోయిందని ఒప్పుకున్నట్టే కదమ్మా."

మర్నాడే వెళ్ళి యజమానికి చెప్పాను. తొమ్మిదీ చూపిస్తాను రమ్మన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "పరీక్షలు అయిపోయాయి కదమ్మా. ఇప్పుడు ఉన్నవాళ్ళకే పని లేదు," అన్నాడు. షెడ్డులో మిగతావాళ్ళకి చెప్పాను. స్టూళ్ళ మీద కూర్చునే విన్నారు. పాపం అన్నారు. లివర్లు దింపుదామా అంటే, ఒకాయన నా కాగితంలో రాసిన ప్రకారం చేతులు వేలాడేసుకుని విశ్రాంతి తీసుకోవడం మొదలుపెట్టాడు.

వానలు మొదలైన వారం. అన్నయ్య ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని రోడ్డు మీద నీళ్ళు చూస్తున్నాడు. నేను తడిసిన సంచీ దింపి, ఆయనకేసి చూడకుండా, గోడతో చెబుతున్నట్టుగా చెప్పాను.

"చివరి తొమ్మిదీ నిలబడ్డాయి. గుర్తు చెరపలేదు."

లోపలికి వెళ్ళిపోబోయాను.

"ఎన్ని దెబ్బలు కొట్టావు?"

నలభై రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట.

"మూడేసి. కొన్నిటికి ఐదారు."

"గట్టిగానే?"

"గట్టిగానే."

తల ఊపాడు. ఎడమచేత్తో కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా వేళ్ళు ముడిచాడు, విప్పాడు. "పై చివర మెట్లు చూశావా? సన్నతీగలు. అక్కడ నాకు పట్టు పూర్తిగా దొరకలేదు. నిలబడతాయో లేదో అనుకున్నాను."

"అవి కూడా నిలబడ్డాయి అన్నయ్యా. ఒక్కటి కదల్లేదు."

ఆయన కళ్ళు మూసుకుని తల వెనక్కి గోడకి ఆనించాడు. ముఖంలో ఏదో సడలింది.

తొమ్మిదింటిలోనూ పై చివర తీగలు జారిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి, దించి, నేనే కూర్చోబెట్టి వచ్చాను.